సపన గురించి ఆరా

గురువారం పొద్దున నీళ్లు వచ్చి పోయాక మల్లవ్వ పీపాకు మూత పెట్టింది గానీ చెవులు మాత్రం గది బయటి గ్యాలరీ వైపే ఉంచింది. అక్కడ కూతురు సపన గోడ వైపు తిరిగి ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. అదీ మెల్లగా. మామూలుగా సపన ఫోన్ ఎత్తిందంటే పై అంతస్తు వాళ్లకు కూడా సంగతంతా తెలిసిపోవాలి. అలాంటి పిల్ల గొంతు రెండు వారాలుగా తగ్గింది.

"ఎవరే ఫోన్ల?"

"ఆఫీసు పనమ్మా."

"పొద్దుగాల ఏడు గంటలకు ఏం ఆఫీసే?"

"ఫిలిప్పీన్స్‌ల ఇప్పుడు తొమ్మిదిన్నర అమ్మా. నువ్వు చాయ్ పెట్టు, నాకు లేటైతుంది."

ఫిలిప్పీన్స్ అట! మల్లవ్వ పెదవి విరిచింది. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా జీన్సు మీద కుర్తా తప్ప ఇంకోటి తొడగని పిల్ల మొన్న ఒక నూలు చీర కొని ఇస్త్రీకి వేసింది. పండగ లేదు, పెళ్లి లేదు. లాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో రాస్తూ, తల్లి పక్కకొస్తే ఠక్కున మూసేస్తుంది. ఇవన్నీ చూశాక ఏ తల్లికైనా అనుమానం రాదా మరి? ఎవడో ఉన్నాడు. ఉంటే చెప్పి చావొచ్చు కదా. ఈ వయసులో కులమా, గోత్రమా అని అడిగే ఓపిక తనకు మాత్రం ఎక్కడుంది?

కామాటిపుర పదకొండో గల్లీలో, వరసగా ఒంటిగదులున్న పాత చాల్‌లో మూడో అంతస్తు గది వాళ్లది. భర్త గంగారాం మునిసిపాలిటీ రోడ్ల పనిలో కూలీల మీద ముకాదంగా చేసి రిటైరయ్యాడు. కొడుకు బంటీ టాక్సీ నడుపుతాడు. కోడలు మేఘా గ్రాంట్ రోడ్‌లో ఒక బ్యూటీ పార్లర్‌లో సగం పూట పని చేస్తుంది. గదికి మధ్యలో ఒక పరదా. అటు కొడుకూ కోడలూ, ఇటు ముగ్గురూ.

సపన చేసే పని మల్లవ్వకు సగమే అర్థమయ్యేది. పేద దేశాల్లో కుట్టుపనో, మగ్గమో, చిన్న కార్ఖానానో పెట్టుకున్నవాళ్లు దళారుల చేతుల్లో నలిగిపోకుండా, నలుగురూ కలిసి ఎదిగేలా సాయం చేసే సంస్థ అది. కొలాబాలో ఆఫీసు, ఏడు దేశాల్లో పని. చిన్న గుమాస్తాగా చేరిన సపన పన్నెండేళ్లలో ఆ ఏడు దేశాల పనీ చూసే స్థానానికి వచ్చింది. నేపాల్ వెళ్లింది, కెన్యా వెళ్లింది, మలావీ అనే ఊరో దేశమో అక్కడికీ వెళ్లింది. వచ్చిన ప్రతిసారీ తల్లికి బట్టలు తెచ్చింది గానీ అల్లుణ్ణి మాత్రం తేలేదు.

సంబంధాలు రాక కాదు. తొమ్మిది వచ్చాయి. చుట్టాల ఇంట్లో పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లు చాయ్ తాగుతూ, నవ్వుతూ, "మీ ఇల్లు ఎక్కడ అన్నారు?" అనేవాళ్లు. కామాటిపుర అనగానే మొహాలు మొహాలు చూసుకునేవాళ్లు. నూట యాభై ఏళ్లుగా రాళ్లు మోసి, గోడలు కట్టి బతికిన తెలుగువాళ్లు ఈ గల్లీల్లో ఉన్నారని వాళ్లకు చెప్పేదెవరు? బయటివాళ్లకు ఆ పేరు వింటే గుర్తొచ్చేది ఒక్కటే, ఒళ్లమ్ముకునే ఆడవాళ్ల వీధి. కొందరైతే కప్పులో చాయ్ అట్లాగే వదిలేసి లేచారు. ఆ కప్పులు కడిగినప్పుడల్లా మల్లవ్వ ఏడ్చింది.

ఆ రోజు పదకొండు గంటలకు ఇంట్లో తనొక్కతే ఉండగా, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక కుర్రవాడు ఫైలు పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మావ్శీ, నా పేరు అతుల్. సపన గారి గురించి కొన్ని వివరాలు కావాలి. వెరిఫికేషన్‌కి వచ్చాను." పిన్నీ అన్నట్టు మావ్శీ అని పిలిచినా, మాటలన్నీ హిందీలోనే నడిచాయి.

మల్లవ్వ లోపల్లోపల నవ్వుకుంది. వెరిఫికేషన్! ఆ చాల్‌లో సంబంధం ఖాయం చేసుకునే ముందు మగపెళ్లివారు ఎవరో ఒకరిని ఆరా తీయడానికి పంపుతారు. వచ్చినవాడు ఆ మాట పైకి అనడు. ఒకడు ఓటరు లిస్టు అంటాడు, ఇంకొకడు గది అమ్మకానికి ఉందా అంటాడు. అయినా వాడెవడో చాల్ మొత్తానికి తెలుసు. ఎవరి పిల్ల గురించి అడిగినా అందరూ ఒకే పాట పాడతారు. వయసు తగ్గిస్తారు, ఓర్పు పెంచుతారు, తండ్రి తోడు లేకుండా గడప దాటదంటారు. నీ పిల్లకు నేను, నా పిల్లకు నువ్వు. అది అక్కడి కట్టుబాటు.

ఓహో, ఫోన్‌లో గుసగుసలు, కొత్త చీర, అన్నీ ఇందుకేనన్నమాట అనుకుని మల్లవ్వ గబగబా చాప పరిచింది, చాయ్ పెట్టింది.

"సపన గారి వయసెంత మావ్శీ?"

"ముప్పై రెండు." ఆరేళ్లుగా అదే ముప్పై రెండు.

"ఎప్పటి నుంచి ఈ ఇంట్లో ఉంటున్నారు?"

 తొమ్మిది కప్పుల చాయ్ మల్లవ్వ కళ్ల ముందు తిరిగింది. "అయ్యో, మేం ఇక్కడ ఉండం బాబూ. ఇది మా మరిది గది. ఊరికె వచ్చిపోతం. మాది అటు తాడ్‌దేవ్ దిక్కు, బిల్డింగ్‌ల."

అతుల్ తలెత్తి చూశాడు. "సపన గారు కూడా ఇక్కడ ఉండరా?"

"మా పిల్లనా? ఈ గల్లీ మొహం కూడ సక్కగ చూడలే."

"ఉద్యోగం?"

"ఏదో పొద్దుపోనీకి చేస్తది. పెండ్లయితే మానేస్తది. మేం మానిపిస్తం."

"విదేశాలకు వెళ్తుంటారు కదా?"

"ఛీఛీ! ఎవరు చెప్పిండ్రు? వాళ్ల బాపు తోడు లేంది దాదర్ దాటదు."

నీళ్ల బిందెతో గ్యాలరీలో వెళ్తున్న పక్కింటి భూదేవి, ఎవరూ అడక్కపోయినా ఆగి, "బంగారమసొంటి పిల్ల సాబ్, నోట్ల నాలుక లేదు" అని తన వంతు వేసి పోయింది. అతుల్ అన్నీ రాసుకున్నాడు, సంతకం చేయించుకున్నాడు, చాయ్ కప్పు ఖాళీ చేశాడు. చుక్క మిగల్చలేదు. ఇంతకంటే మంచి శకునం ఏముంటుంది! మల్లవ్వ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మగపిల్లవాడి వైపు నుంచి కబురొచ్చాక చెబుదామని కడుపులో దాచుకుంది.

కబురు ఆదివారం వచ్చింది, మరో రూపంలో.

అందరూ ఇంట్లో ఉన్నారు, బంటీ తప్ప. సపన రాత్రి సరిగా తినలేదు. పొద్దున్నించి లాప్‌టాప్ ముందు రాయిలా కూర్చుంది. మధ్యాహ్నం మేఘా అన్నం పెట్టుకుని తినమంటే ఒక్కసారిగా లేచింది.

"గురువారం మన ఇంటికి ఒకతను వచ్చిండు. నా గురించి అడిగిండు. ఎవరు మాట్లాడింది ఆయనతోని?"

 మల్లవ్వ చేతిలో గరిటె ఆగింది.

"నేను ఇంట్ల ఎవరికి చెప్పలే, అయినాక చెప్దామనుకున్న. మా డైరెక్టర్ మేడం రిటైర్ అయితున్నరు. ఆమె జాగల నన్ను తీసుకోవాలని బోర్డు అనుకుంది. ఏడు దేశాల పని, మొత్తం సంస్థ నా చేతికి వస్తది. అన్ని ఇంటర్వ్యూలు అయినయ్, చీర కొన్నది కూడ అందుకే. చివరికి ఇల్లు చూసి రమ్మని బయటి కంపెనీకి చెప్పిండ్రు. గంతే మిగిలింది." సపన లాప్‌టాప్ వాళ్ల వైపు తిప్పింది. "రిపోర్టుల ఏం రాసిండ్రో తెలుసా? సపన ఇక్కడ ఉండదట. ముప్పై రెండేండ్లట. దేశం దాటలేదట. పొద్దుపోక ఉద్యోగం చేస్తదట, పెండ్లయితే మానేస్తదట!"

"ఎవరన్నరట?" అన్నాడు గంగారాం.

"పేరు లేదు బాపు. కుటుంబ సభ్యురాలు అని ఉంది. వయసుకు, దేశాలు తిరిగినదానికి పాస్‌పోర్టు చూపిస్త. కాని ఇల్లు? ఇంటర్వ్యూల నేను మొదలు చెప్పిందే ఈ గల్లీ పేరు. ఇప్పుడు బోర్డుల ఒకాయన అంటుండట, పెద్ద బిల్డింగ్‌ల ఉండుకుంట పేదోళ్ల గల్లీ పేరు చెప్పి ఈమె కొలువు కొట్టెయ్యాలని చూసిందని. నేను అబద్ధాలకోరునట!"

సపన చూపు నెమ్మదిగా మేఘా మీదికి తిరిగింది.

"గురువారం నీకు పార్లర్ సెలవు కదా?"

మేఘా తెల్లబోయింది. "నేను బజారుకు పోయిన వదినా."

"ఎవరు చూసిండ్రు?"

"అంటే... నేను చెప్పిన్నంటవా?"

"మొన్న ఈ పరదా ఇంకెన్నేండ్లు అన్నది నువ్వే కదా? నేను పెండ్లి చేసుకుని పోతే బాగుండునని నీకు లేదా? పెండ్లయితే మానేస్తదని ఇంకెవరు అంటరు?"

"దేవుని తోడు నేను అనలే!" మేఘా ఏడ్చేసింది. "పరదా అన్న, కాదంటలే. నాకు ఊపిరి ఆడక అన్న. కాని నీ నోటికాడి కూడు గుంజుకుంటనా? ఎనిమిదేండ్లాయె ఈ ఇంట్లకొచ్చి, గింతేనా నా మీద నమ్మకం?"

చెప్పాల్సింది ఇప్పుడే. మల్లవ్వకు తెలుసు. చెప్పలేదు. ఇంకా సిగ్గు చేటు ఏమిటంటే, వేలు కోడలి వైపు తిరగగానే లోపల ఎక్కడో ఊపిరి తేలికైంది. కూతురి జీవితాన్ని తన నోటితో కాల్చి, ఆ బూడిద కోడలి నెత్తిన పడుతుంటే చూస్తూ నిలబడింది. గ్యాలరీలోంచి భూదేవి తొంగి చూసింది. ఆమె కళ్లు మల్లవ్వ కళ్లతో కలిసి, వెంటనే కిందికి దిగిపోయాయి. చాల్ కట్టుబాటు ప్రకారం భూదేవి నోరు విప్పదు. ఆ నమ్మకం మల్లవ్వకు చేదుగా తగిలింది.

సాయంత్రం గంగారాం గ్యాలరీ కటకటాలు పట్టుకుని నిలబడి, పక్కకు వచ్చిన భార్య వైపు చూడకుండానే అన్నాడు.

"ముప్పై రెండు అనే మాట ఈ ఇంట్ల ఎవరి నోట్ల ఉంటదో నాకు తెల్వదా?"

"ఏమయ్యా... నేను సంబంధం అనుకున్న. పిలగాని తరపోడు అనుకున్న."

"అనుకుంటవ్. నేనైనా గట్లనే అనుకుందును. దానికి నిన్ను ఏమనను." ఆయన గొంతులో కోపం లేదు, అదే ఆమెను భయపెట్టింది. "కాని పరాయి ఇంటి పిల్ల పొద్దటి నుంచి ఏడుస్తుంది. నేను చెప్ప. నువ్వే చెప్పు."

ఆ రాత్రంతా మల్లవ్వకు కునుకు లేదు. చెబితే కూతురు ఇక జన్మలో తన మొహం చూడదని ఒక భయం. చెప్పకపోతే భర్త ఇంకెప్పుడూ తన కళ్లలోకి చూడడని ఇంకో భయం. పరదా అవతల మేఘా ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు తెల్లవారే దాకా ఆగలేదు.

సోమవారం పొద్దున మేఘా బట్టలు సంచిలో సర్దుకుంది. "ఒంటిగంటకు ఆయన టాక్సీ తీసుకొని వస్తరు. వర్లీకి, మా అమ్మ దగ్గరికి పోతున్న" అని ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. సపన ఆఫీసుకు సెలవు పెట్టి గోడకానుకుని కూర్చుంది. ఆపలేదు.

మల్లవ్వ కోడలి చేతిలోంచి సంచి లాక్కుంది.

"నువ్వెక్కడికి పోతవే? పోవాల్సింది నేను." ఇక ఆగలేదు, వరదలా వచ్చేసింది. "సపనా, నేనే. నేనే చెప్పిన. ముప్పై రెండని, ఈడ ఉండవని, దాదర్ దాటవని, అన్నీ నేనే. సంబంధపోళ్లు అనుకున్న బిడ్డా. మేఘా ఇంట్ల లేకుండె."

 సపన తల్లి వైపు తిరిగింది.

"నిన్ననే ఎందుకు చెప్పలే?"

"భయమైంది."

"నేను మేఘాను దొంగను చేస్తుంటే చూసుకుంట నిలబడ్డవ్."

"నిలబడ్డ."

"నేను ఈడ ఉండనని ఎందుకన్నవమ్మా? మిగతావన్నీ పోనీ. ఇల్లు ఎందుకు లేదన్నవ్?"

"గల్లీ పేరు చెప్తే లేచి పోతరని! తొమ్మిది మంది లేచి పోలేదా? పదోవాడు కూడ పోతడని."

సపన లాప్‌టాప్ తెరిచింది. రెండు వారాలుగా బోర్డు కోసం ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని తెలుగులో చెప్పడానికి తడుముకుంటూ చదివింది. "మా అమ్మ కామాటిపుర పదకొండో గల్లీలో, పది అడుగుల గదిలో ఇరవై ఏండ్లు చీరలకు ఫాల్ కుట్టింది. దళారి సగం తీసుకునేవాడు. ఒకరోజు మా అంతస్తు ఆడవాళ్లు నలుగురిని వెంటేసుకుని దాదర్ దుకాణానికి తనే నేరుగా పోయింది. ఆ ఏడు మా ఇంట్లోకి ఫ్యాను వచ్చింది, నాకు కాలేజీ ఫీజు వచ్చింది. ఒక దేశం ఎట్లా ఎదుగుతుందో నేను పుస్తకంలో చదవకముందే ఆ గదిలో చూశాను." ఆగి తల్లి వైపు చూసింది. "పన్నెండేండ్లు ఏ దేశం పోయినా ఇదే చెప్పిన. నా దగ్గర ఉన్నదే ఇది. నువ్వు ఆ గదే లేదన్నవ్."

మల్లవ్వ నేల మీద కూలబడింది. తను దాచిపెట్టాలని చూసిన గదిని కూతురు ఏడు దేశాల్లో తలెత్తుకుని చెబుతోందని ఆమెకు ఎన్నడూ తెలియదు. దాచాల్సిందేమో అనుకుని తనను తానే చెరిపేసుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సపన ఓదార్చలేదు, కానీ అక్కడి నుంచి లేచి పోలేదు కూడా.

కాసేపటికి మల్లవ్వే మొహం తుడుచుకుంది. "ఆ పిలగాన్ని పిలువు. ఇయ్యాలనే పిలువు."

సపన ముందు మేఘా దగ్గరికి వెళ్లింది. "తప్పయింది మేఘా."

"నీ మాఫీ నీ దగ్గర్నే పెట్టుకో వదినా" అని మేఘా సంచి మళ్లీ తీసుకుని, ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. ఒంటిగంట కోసం చూస్తోంది.

సపన ఎన్ని ఫోన్లు చేసిందో గానీ పన్నెండున్నరకు అతుల్ వచ్చాడు. సపనను బయట నిలబడమన్నాడు. మల్లవ్వ ఈసారి చాప పరవలేదు, చాయ్ పెట్టలేదు. నిలబడే, రేషన్ కార్డు చేత్తో పట్టుకుని, చెప్పాల్సిందంతా చెప్పింది. ఈ గది తమదేనని, సపన ఇక్కడే పుట్టిందని, ముప్పై ఎనిమిది నిండాయని.

"మావ్శీ, మొన్న ఒక మాట, ఇవాళ ఇంకో మాట. నేను ఏది రాయను?"

"మొన్న నువ్వు పెండ్లి సంబంధం తెచ్చినవనుకున్న. పెండ్లిపిల్ల తల్లిలెక్క మాట్లాడిన. ఇయ్యాల సపన తల్లిలెక్క మాట్లాడుతున్న."

అతుల్ పెదవుల మీద నవ్వు మెరిసి మాయమైంది. "నాకు అర్థమైంది. కానీ బోర్డుకు ఇది సరిపోదు. మీరూ, అంకులూ కన్నవాళ్లు, ఆమె కోసం ఏమైనా అంటారు. ఇంట్లో రక్తసంబంధం లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

అందరి కళ్లూ మంచం మీదికి తిరిగాయి. సంచి ఒళ్లో పెట్టుకున్న మేఘా. ఏడ్చి ఏడ్చి వాచిన మొహం.

 అయిపోయింది అనుకుంది మల్లవ్వ. నిన్న దొంగను చేసినవాళ్ల మీద ఏ ఆడది పగ తీర్చుకోదు? ఒక్క మాట చాలు. నాకు తెలియదు అన్నా చాలు. గుమ్మం అవతల సపన కళ్లు మూసుకుంది.

మేఘా లేచింది. "ఏం అడగాలో అడుగు భయ్యా."

"సపన గారు ఇక్కడే ఉంటారా?"

"గా మూలకు పండుకుంటది. నడుమ పరదా. రాత్రి పదకొండు దాకా ఫోన్ల ఇంగ్లీషు, నాకు నిద్ర పట్టదు. ఎనిమిదేండ్ల సంది వింటున్న. ఇక్కడ ఉండకపోతే నాకు ఆ బాధెందుకు?"

"మీకూ ఆమెకూ సరిపడుతుందా?"

"నిన్ననే నన్ను దొంగ అన్నది. ఇదిగో, సంచి సర్దుకున్న. ఆమెది తొందర. వెనక ముందు చూడకుంట అనేస్తది. రాసుకో. కాని నాకు పార్లర్ పని నేర్పించింది ఎవరు? మా ఆయన వద్దంటే కొట్లాడింది ఎవరు? కింది అంతస్తుల ఆరుగురు ఆడోళ్లు కలిసి టిఫిన్ డబ్బాలు నడుపుతుండ్రు, పో, అడుగు, వాళ్లను కలిపింది ఎవరో. పెండ్లయితే మానేస్తదా అంటే, నాకైతే ఆమె పెండ్లి ఇయ్యాలనే కావాలె, జాగ ఖాళీ అయితది. కాని ఆమె ఈ పని మానదు. చచ్చినా మానదు."

అతుల్ రాయడం ఆపి ఆమె వైపు చూశాడు. "మీ పేరు?"

"మేఘా. సపన తమ్ముని భార్య. గది నంబరు ముప్పై ఒకటి, పదకొండో గల్లీ, కామాటిపుర."

సంతకం పెట్టి, పెన్ను ఇచ్చేసి, అప్పుడు ఏడ్చింది. సపన లోపలికి వచ్చి ఆమెను గట్టిగా పట్టుకుంది. ఈసారి మేఘా విడిపించుకోలేదు. ఒంటిగంటకు టాక్సీ వచ్చింది. బంటీ కింది నుంచి హారన్ కొట్టీ కొట్టీ పైకి వచ్చి, ఇంట్లో అందరూ ఏడుస్తూ ఉండడం చూసి ఏం జరిగిందో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అరె, కాయ్ ఝాలా, ఏమైంది?" అన్నాడు.  ఆ రోజు వర్లీకి ఎవరూ పోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బోర్డు తన నిర్ణయం చెప్పింది. సపన ఆ సంస్థకు కొత్త డైరెక్టర్ అయింది. గంగారాం పేడాల మిఠాయి డబ్బా పట్టుకుని అంతస్తు అంతస్తుకూ తిరిగాడు. భూదేవి రెండు తీసుకుని, "నేను చెప్పిన కదా, బంగారమని" అంది.

మల్లవ్వ మొదటి పేడా కూతురి నోట్లో కాకుండా కోడలి చేతిలో పెట్టింది. మేఘా దాన్ని తినకుండా అత్త మొహంలోకి చూసింది.

"అత్తమ్మా, ఒక్కటి అడుగుత. రేపు ఎవరన్న ఫైలు పట్టుకొచ్చి నా గురించి అడిగితే ఏం చెప్తవ్?"

మల్లవ్వ తల దించుకుంది. పొగడడానికి చాల్‌లో అందరికీ తెలిసిన మాటలు చాలానే ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"నిజం చెప్త బిడ్డా. మా కోడలికి కోపమెక్కువ అని చెప్త. కూరల ఉప్పు ఎక్కువేస్తదని చెప్త. ఎదురు మాట్లాడుతదని చెప్త." అప్పుడు తలెత్తింది. "నేను దాని నెత్తిన నా తప్పు పెడితే, అది నా బిడ్డను నిలబెట్టిందని చెప్త."

మేఘా పేడాను రెండు ముక్కలు చేసి, ఒకటి అత్త నోట్లో పెట్టింది.